సముద్రసింహముల మతిమఱపు



ఈ దినము నేను మీతో ముచ్చటింపదలచిన జంతువు మన దేశమున లేదు. బంగాళాఖాతమున ఎంత దూరము పడవ నడపినను అది కంటబడదు. ఒకప్పుడు మచిలీపట్టణపు రేవులో ఒక వృద్ధుడైన బెస్తవానిని, "తాతా, సీలు అను జంతువును గూర్చి ఎప్పుడైన విన్నావా?" అని యడిగితిని. "అది చేపా, గొడ్డా, బాబూ?" అని యతడు తిరిగి నన్నే ప్రశ్నించెను. ఆ ప్రశ్న చాల మంచిది. దాని తిండి నీటిలో, పుట్టుక నేలమీద. చేపవలె ఈదును, కాని మనవలె గాలి పీల్చి, పిల్లను కని, పాలిచ్చి పెంచును. పూర్వమెప్పుడో దాని పెద్దలు నేలపై తిరుగాడిన మాంసాహార మృగములు. ఎలుగుగొడ్డునకును, మన కాలువలలో అప్పుడప్పుడు కనబడు నీటికుక్కకును ఇవి దూరపు చుట్టములని శాస్త్రజ్ఞులు చెప్పుదురు.

వీనిలో ముఖ్యముగా రెండు తెగలు గలవు. సీలునకు చెవి బయటికి కనబడదు. తలకు ఇరుప్రక్కల రంధ్రములు మాత్రమే యుండును. నేలమీద అది పొట్టతో ప్రాకవలసినదే. రెండవది సముద్రసింహము. దీనికి చిన్న చెవులు గలవు. వెనుకటి తెడ్లను శరీరము క్రిందికి మడచి నాలుగుకాళ్ల జంతువువలె నడువగలదు. సర్కసులలో బంతిని ముక్కుపై నిలిపి ఆడించునది ఇదియే. నేను చెప్పబోవు కథ హెచ్చుగా ఈ సముద్రసింహమును గూర్చినది. ఇది అమెరికా ఖండపు పడమటి తీరమున, కాలిఫోర్నియా రాష్ట్రము పొడవునను గుంపులు గుంపులుగా నివసించును. మగది మూడువందల కిలోలకు పైగా తూగును. ఆడది నూఱు కిలోల వఱకు నుండును.

"సప్తసముద్రముల కావల నున్న జంతువునకు జబ్బు చేసిన మనకేమి?" అని మీలో నెవరైన అనుకొనవచ్చును. నేనును మొదట అట్లే యనుకొంటిని. ఆ సంగతి కొంచెము చదివిన పిమ్మట నా యభిప్రాయము మారినది. ఎందుచేత మారినదో చెప్పెదను.

ఒకప్పుడు అమెరికావారు ఈ జంతువులను నూనెకొఱకును, చర్మముకొఱకును చంపుచుండిరి. చేపలను దోచుకొనుచున్నవని జాలరులును కాల్చుచుండిరి. 1972లో ఆ దేశమున సముద్రపు క్షీరజంతువులను చంపరాదని చట్టము చేయబడినది. అప్పటినుండి వీని సంఖ్య పెరిగి, ఇటీవల రెండున్నర లక్షలకు మించినది. 1975లో శాన్‌ఫ్రాన్సిస్కో నగరమునకు సమీపమున, సముద్రపు టొడ్డునకు కొట్టుకొనివచ్చిన జబ్బు జంతువులకొఱకు ఒక వైద్యశాల వెలసినది. పేరు "మెరైన్ మామల్ సెంటర్". దానిలో పని చేయువారిలో పెక్కుమంది జీతము పుచ్చుకొనని వాలంటీరులు. ఉపాధ్యాయులు, గృహిణులు, ఉద్యోగమునుండి విరమించిన వృద్ధులు వచ్చి చేపలు కోసి పెట్టుట, తొట్లు కడుగుట మొదలైన పనులు చేయుదురు. బ్రతికిన జంతువును మరల సముద్రమున విడిచెదరు. చనిపోయినదానిని వైద్యులు కోసి పరీక్షించి, దేనిచేత చచ్చినదో వ్రాసి యుంచెదరు. ఈ వ్రాసి యుంచుట చిన్న పని వలె తోచును గాని, నేను చెప్పబోవునదంతయు ఆ వ్రాతలనుండి వచ్చినదే.

జబ్బు సంగతికి ముందు ఈ జంతువు జ్ఞాపకశక్తిని గూర్చి రెండు మాటలు చెప్పవలెను. శాన్‌ఫ్రాన్సిస్కోకు దక్షిణముగా శాంతాక్రూజ్ అను పట్టణమున విశ్వవిద్యాలయమువారి ప్రయోగశాల యొకటి గలదు. అందు రోనాల్డ్ షుస్టర్‌మన్ అను పండితుడు రియో అను ఆడు సముద్రసింహమునకు పాఠములు చెప్పెను. పలకలపై బొమ్మలు చూపి, ఈ బొమ్మకు ఆ బొమ్మ జోడు అని నేర్పెను. మొదటిదానికి రెండవది జోడు, రెండవదానికి మూడవది జోడు అని నేర్చిన రియో, మొదటిదానికి మూడవది జోడని ఎవరును చెప్పకయే తెలిసికొనెను. ఇది 1993లో ప్రకటింపబడినది. పదియేండ్లు గడచిన పిమ్మట అట్టి పాఠములనే మరల పెట్టి చూడగా, మధ్యకాలమున అభ్యాసము లేకున్నను, అది నేర్చిన పద్ధతిని మఱువలేదు. పదియేండ్లనాటి పాఠమును అప్పగింపగల పిల్లలు మన యిండ్లలో ఎందఱున్నారో నేను చెప్పజాలను.

ఈ జ్ఞాపకశక్తి దానికి ఆటకొఱకు కలిగినది కాదు. జూన్ మాసమున దక్షిణ కాలిఫోర్నియాకు ఎదురుగా నున్న చిన్న దీవులలో వేలకొలది తల్లులు పిల్లలను కనును. కొన్ని దినములు పాలిచ్చి, తల్లి వేటకై సముద్రములోనికి పోవును. రెండు మూడు దినములు చేపలు తిని మరల అదే దీవికి, అదే యొడ్డునకు వచ్చి, వేలకొలది పిల్లల యరపులలో తన పిల్ల గొంతును గుర్తించి దానికే పాలిచ్చును. నెత్తళ్లు, కవళ్లు ఏ తావున దొరకునో, ఏ దినమున ఎచ్చట దొరకలేదో జ్ఞాపకముంచుకొననిచో తల్లియు బ్రతుకదు, పిల్లయు బ్రతుకదు. మా చిన్నతనమున మా యింట ఒక ముసలి యెద్దు ఉండెడిది. సంతనుండి వచ్చునప్పుడు మా పాలేరు బండిలో నిదురపోయినను అది దారి తప్పక నడిరేయి మా వాకిట వచ్చి నిలుచుండెడిది. సముద్రసింహమునకు బాటయు లేదు, చెట్టు గుర్తును లేదు, నలువైపుల నీరే. అయినను ఇల్లు చేరుచున్నది.

ఇక 1998వ సంవత్సరమునకు వత్తము. ఆ యేట మే, జూన్ మాసములలో కాలిఫోర్నియా మధ్యతీరమున సముద్రసింహములు ఒడ్డున పడి కొట్టుకొనసాగినవి. బక్కచిక్కినవి కావు, మంచి కండపట్టి, కడుపునిండ తిన్నవే. కొన్ని తలను అటునిటు గడియారపు లోలకమువలె ఊపుచుండెను. కొన్ని తెడ్డుతో ఒడలు ఎడతెగక గోకికొనుచుండెను. పిదప మూర్ఛలు. వానిలో గర్భముతో నున్న ఆడవి చాల. నాలుగువందలకు పైగా చచ్చినవి. వైద్యశాలకు చేర్చినవి డెబ్బదికి పైబడి యుండగా, చికిత్స చేసినను వానిలో సగమునకు మించి బ్రతుకలేదు. మనవైపున నైనచో చేతబడి యని యుందురు. అచ్చటివారును మొదట ఏమియు తోచక నిలిచిపోయిరి.

అయితే ఆ తీరమున ఇట్టి వింత అదియే మొదటిది కాదు. 1961 ఆగష్టులో శాంతాక్రూజ్ దాపున నొక రాత్రి వేలకొలది సముద్రపు పక్షులు దిక్కు తెలియక ఇండ్ల గోడలకును, దీపస్తంభములకును కొట్టుకొని రాలిపోయెను. కారణ మేమో అప్పుడెవరికిని తెలియలేదు. 1987లో, అమెరికాకు ఉత్తరమున నున్న కెనడా దేశపు తూర్పుతీరమున, ప్రిన్సు ఎడ్వర్డు దీవినుండి వచ్చిన ఆల్చిప్పల మాంసము తిని నూఱుమందికి పైగా జబ్బుపడిరి. వాంతులు, విరేచనములు, తలనొప్పి, కొందఱికి మూర్ఛలు. ముగ్గురు వృద్ధులు మరణించిరి. బ్రతికినవారిలో కొందఱు, ముఖ్యముగా వయస్సు మీరినవారు, పాత సంగతులు చెప్పగలుగుచుండిరి గాని నిన్న జరిగినది వారి మనస్సున నిలువకుండెను.

కెనడా రసాయనశాస్త్రజ్ఞులు రేయింబవళ్లు పాటుపడి కొలది దినములలోనే ఆ విషమును కనుగొనిరి. దాని పేరు డొమోయిక్ ఆమ్లము. తమాషా యేమనగా, ఆ పదార్థము లోకమునకు క్రొత్తది కాదు. జపాను దేశపు దక్షిణ దీవులలో "దోమోయ్" అను ఎఱ్ఱని సముద్రపు నాచును పిల్లలకు నులిపురుగుల మందుగా పల్లెలవారు ఇచ్చుచుండిరి. 1958లో అచ్చటి శాస్త్రజ్ఞులు ఆ నాచునుండియే ఈ ఆమ్లమును తీసి ఆ నాచు పేరే దానికి పెట్టిరి. కొంచెమైనచో పురుగు చచ్చును. హెచ్చైనచో మనుష్యుడు చచ్చును. మందునకును విషమునకును కొలతయే భేదమని మన వైద్యులు చెప్పుమాట మీకు తెలిసినదే.

కెనడాలో ఆ విషమును పుట్టించినది నాచు కాదు. సముద్రపు నీటిలో కంటికి కనబడని ఏకకణ సస్యములు కోట్లకొలది తేలుచుండును. వానిలో "డయాటము" అను తెగవానికి గాజువంటి కవచము గలదు. సూడోనిట్జ్‌షియా అను డయాటము సన్నని సూదివలె నుండును. ఒకదాని కొస మఱియొకదానికి తగిలి గొలుసుగా పెరుగును. సముద్రపు అడుగుననుండి చల్లని నీరు, దానితో ఎరువు వంటి లవణములును పైకి వచ్చినపుడు ఇవి దిబ్బపై గుమ్మడితీగవలె ఒక్కసారి అల్లుకొనును. అన్ని వేళల విషము పుట్టింపవు. కొన్ని వేళల విశేషముగా పుట్టించును. నెత్తళ్లు నోరు తెఱచుకొని ఈ సస్యమును వడపోసి తినును. విషము వాని పేగులలో నిలుచును. నెత్తలికి మాత్రము పెద్ద బాధ కనబడదు. ఆ నెత్తళ్లను పక్షి తినును, సముద్రసింహము తినును. 1991లో కాలిఫోర్నియాలోని మాంటెరీ అఖాతమున గూడబాతులు, నీటికాకులు చచ్చినపుడు ఈ త్రోవ మొదట బయలుపడినది. ఆ జ్ఞానముండుటచేతనే 1998లో వైద్యులు ఆలసింపక సముద్రసింహముల రక్తమును, మూత్రమును పరీక్షకు పంపిరి. డొమోయిక్ ఆమ్లము కనబడినది. ఆ దినములలో పట్టిన నెత్తళ్లలోను కనబడినది. 1961నాటి పక్షుల సంగతియు తరువాత తేటపడినది: ఆ వేసవిలో సముద్రమునుండి తీసి సీసాలలో భద్రపఱచిన చిఱుపురుగులను 2012లో పరీక్షింపగా, వాని కడుపులలో విషము పుట్టించు డయాటములే నిండియుండెను. ఏబదియేండ్లు ఆ సీసాలను పాఱవేయకుండ దాచినవారికి నమస్కరింపవలెను.

ఇచ్చట మీరు ఒక సంగతి గమనింపవలెను. కెనడా యుపద్రవము తరువాత అమెరికాలో ప్రభుత్వమువారు తీరమునందలి ఆల్చిప్పలను తఱచుగా పరీక్షించు ఏర్పాటు చేసిరి. ఒక గ్రాము మాంసమున ఇరువది మైక్రోగ్రాములకు, అనగా పది లక్షల వంతులలో ఇరువది వంతులకు, విషము చేరినచో అమ్మకము నిలుపుదురు. వండుటచేత ఈ విషము పోదు గనుక వేఱు మార్గము లేదు. కాని 1998లో సముద్రసింహములు వందలకొలది చచ్చుచుండగా ఆ తీరపు ఆల్చిప్పలలో విషము లేనేలేదు, లేక మిక్కిలి స్వల్పము. కాపలా పెట్టినచోట దొంగ రాలేదు. వేఱు ద్వారమున వచ్చెను. ఆల్చిప్పలను మాత్రమే చూచుచుండినచో ఆ యేటి విషము సంగతి మనుష్యులకు తెలియకయే పోయెడిది. ఆ నెత్తళ్లే మనుష్యుడును తినును. నా యభిప్రాయము మారినది ఇచ్చటనే. సముద్రసింహము తినునదియు మనము తినునదియు ఒక్కటే. అది మనకంటె ముందుగా, మనకంటె హెచ్చుగా తినును.

ఈ విషము మెదడులో ఏమి చేయునో క్లుప్తముగా చెప్పెదను. మెదడులోని కణములు ఒకదానితో నొకటి మాటలాడుటకు గ్లుటమేటు అను పదార్థమును దూతగా పంపును. ఆ దూత తలుపు తట్టును, తలుపు తెఱచుకొనును, వెంటనే మూసికొనును. డొమోయిక్ ఆమ్లము రూపమున ఆ దూతను పోలియుండును. అది దొంగ తాళపుచెవి వంటిది. తలుపు తెఱచును గాని మూయనీయదు. కణము విశ్రాంతి లేక ఉద్రేకించి ఉద్రేకించి తుదకు చచ్చును. మన దేశమున కేసరిపప్పును నెలల తరబడి తినినవారికి కాళ్లు పడిపోవుటకును ఈ జాతి విషమే కారణము. డొమోయిక్ ఆమ్లము విశేషముగా చెఱచునది మెదడులో చెవుల దాపున నుండు ఒక చిన్న భాగమును. దాని యాకారము సముద్రపు గుఱ్ఱమను చేపను పోలియుండుటచే పాశ్చాత్యులు దానికి హిప్పోకాంపసు అని ఆ చేప పేరే పెట్టిరి. క్రొత్త సంగతులను జ్ఞాపకమున నిలుపునదియు, దారులను గుర్తుంచునదియు ఆ భాగమే.

మొదటి దెబ్బకు చావని జంతువుల గతి యేమి? కొన్ని నిజముగా కోలుకొనును. మఱికొన్నిటికి నెలలు గడచిన పిదప, రక్తమున విషము జాడ లేకున్నను, మూర్ఛలు వచ్చుచునే యుండును. వానిలో ఆ సముద్రపుగుఱ్ఱపు భాగము ఎండిన చింతకాయవలె ముడుచుకొనిపోయి యుండెను. శాంతాక్రూజ్ ప్రయోగశాలలో పీటరు కుక్ అను యువశాస్త్రజ్ఞుడును అతని తోటివారును ముప్పది సముద్రసింహములను పరీక్షించిరి. పరీక్ష మన పిల్లలాటవంటిదే. ఒకమాఱు కుడిదారిని పోయినచో చేప దొరకును. మరుసటిమాఱు ఎడమదారిని పోవలెను. నడుమ కొంచెము ఆలస్యము చేయించెదరు. వేఱొక పరీక్షలో కొన్ని తొట్లలో ఏ తొట్టిలో చేప యున్నదో గుర్తుంచుకొనవలెను. పిమ్మట, అయస్కాంతశక్తితో మెదడు లోపలి భాగములను చిత్రించు యంత్రమున వానిని పరుండబెట్టి చూచిరి. ఆ భాగము ఎంత చెడియుండెనో పరీక్షలో అంత తప్పులు చేసినవి. ఆ భాగమునకును మెదడులోని ఇతర భాగములకును గల సంబంధము గూడ సడలియుండెను. ఇది 2015లో ప్రకటింపబడినది. ఆ సంవత్సరముననే ఆ తీరమున ఈ డయాటము మునుపెన్నడు లేనంతగా ప్రబలి, పీతలలో విషము కనబడుటచే పీతల వేట నెలలకొలది ఆపివేయవలసి వచ్చినది. జాలరుల కుటుంబములు ఆ ఋతువంతయు ఎట్లు గడపెనో మీకు నేను చెప్పనక్కఱలేదు. 2023లోను, 2025లోను దక్షిణ కాలిఫోర్నియా తీరమున మరల సముద్రసింహములు గుంపులుగా ఇట్లే పడినవి.

ఈ జంతువుల యితర రోగములను గూర్చి చెప్పవలసినది చాల గలదు; కాలము చాలదు. ఎలుకజ్వరము మీకు తెలిసినదే. వానకాలమున తడిపొలములలో వట్టికాళ్లతో పనిచేయువారికి, ఎలుకల మూత్రము కలిసిన నీటిద్వారా వచ్చు ఆ జ్వరపు సూక్ష్మజీవి తెగయే సముద్రసింహముల మూత్రపిండములను చెఱచుచున్నదని 1970లో కనుగొనిరి. చేపల తడితోనే దాహము తీర్చుకొను ఈ జంతువు, ఆ జబ్బు పట్టినచో మంచినీరు కనబడినపుడు ఆత్రముగా త్రాగును. వైద్యులు దూరమునుండియే దానినిబట్టి గుర్తింతురు. పైకి జబ్బు లేకయే సూక్ష్మజీవిని మోయు జంతువులును గలవు.

పూర్వము ఇండ్ల గోడలపై దోమలకు చల్లిన డి.డి.టి. మీలో పలువురకు జ్ఞాపకముండును. లాస్ ఏంజెలీసు నగరపు సముద్రమున ఆ పదార్థము బహుసంవత్సరములు విశేషముగా కలిసినది. అది సముద్రసింహముల క్రొవ్వులో పేరుకొన్నది. వైద్యశాలలో చచ్చిన పెద్దవానిలో ఇంచుమించు అయిదింట ఒకదానికి జననేంద్రియములయందు పుట్టుకురుపు కనబడినది. ఒక వైరసును, క్రొవ్వులోని ఆ మాలిన్యమును కలిసి దీనికి హేతువులని పరిశోధకులు తేల్చిరి. సీళ్లకు అంటువ్యాధులు మఱింత ఘోరములు. 1988లో ఐరోపాకు ఉత్తరముననున్న సముద్రములో కుక్కల మహమ్మారిని పోలిన రోగముచే పదునెనిమిదివేల సీళ్లు చచ్చినవి. 2023లో దక్షిణ అమెరికాలోని అర్జెంటీనా తీరమున పక్షుల జ్వరము సోకి ఏనుగుసీళ్ల పిల్లలు పదియేడువేలకు పైగా చచ్చినవని లెక్కించిరి. 2025 ఫిబ్రవరిలో మన గోదావరి జిల్లాలలో కోళ్లను చంపినది గూడ ఆ పేరుగల జ్వరమే.

మరల మతిపోయిన సముద్రసింహముల యొద్దకు వత్తము. చికిత్స చేసి విడిచిన కొన్నిటి వీపున చిన్న యంత్రమును అతికించి, అవి ఎచ్చటికి పోవుచున్నవో ఆకాశమునందలి ఉపగ్రహములద్వారా కనిపెట్టిరి. మంచివి ఎప్పటివలె తీరము వెంబడి వేటాడుకొనుచు దీవులకు చేరినవి. మెదడు చెడినవి తీరమును విడిచి, తమ జాతి సామాన్యముగా పోనంత దూరము నడిసముద్రములోనికి పోయినవి. కొన్ని మరల ఒడ్డునకు కొట్టుకొనివచ్చినవి, కొన్ని చచ్చినవి. మా యెద్దు ఆ రాత్రులలో ఒక్కమాఱైనను మా వాకిలి మఱచియుండినచో నిదురించు పాలేరు గతి యేమయ్యెడిదో యని నా కప్పుడు తోచినది.

కావున మూర్ఛలు వచ్చువానిని ఇప్పుడు సముద్రమున విడువరు. అట్టివానిలో క్రోనట్ అను మగ సముద్రసింహ మొకటి యుండెను. 2017లో అది మాటిమాటికి ఒడ్డునకు వచ్చి పడుచుండెను. ఒకమాఱు రహదారిమీదికే వచ్చెను. దానిని ఒక జంతుశాలవారు పెంచుకొనిరి గాని మూర్ఛలు హెచ్చి అది తిండి మానివేసెను. మందులు పనిచేయలేదు. శాన్‌ఫ్రాన్సిస్కోలోని విశ్వవిద్యాలయమున స్కాట్ బారబన్ అను శాస్త్రజ్ఞుడు, మెదడులో ఉద్రేకమును అణచు కణములను ఎలుక పిండమునుండి తీసి, మూర్ఛలుగల ఎలుకల మెదడులో నాటి, మూర్ఛలు తగ్గించియుండెను. 2020 అక్టోబరులో పంది పిండమునుండి తీసిన అట్టి కణములను క్రోనట్ మెదడులో, చెడిపోయిన ఆ సముద్రపుగుఱ్ఱపు భాగమున నాటిరి. సముద్రసింహమునకు ఇట్టి చికిత్స జరుగుట అదియే మొదటిసారి. మందులకు లొంగని మూర్ఛలు మనుష్యులకును గలవు గనుక వైద్యులందఱును ఫలితముకొఱకు వేచియుండిరి. సంవత్సరము గడచినను దానికి మూర్ఛ రాలేదు. తిండి తినసాగెను, బరువు పెరిగెను, శిక్షకులు నేర్పు క్రొత్త పనులను మరల నేర్చుకొనసాగెను.